ఆవులు ఆఫీసు టైము చూసుకుని ఈనవు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. రాత్రిపూట పశువైద్యుడు కావాలని అర్జీలు ఇచ్చి ఇచ్చి విసిగిపోయి ఇలా నలుగురి ముందూ రాయాల్సి వచ్చింది. అన్నిటికీ ఒకటే జవాబు: "మీ విజ్ఞప్తి పరిశీలనలో ఉంది." ఆ పరిశీలన పూర్తయ్యేలోగా మా ఆవులు ఇంకో ఈత ఈనేలా ఉన్నాయి.

పాల దిగుబడి పెంచమన్నది మీ శాఖే. మేలుజాతి వీర్యం ఇచ్చిందీ మీ శాఖే. పెంచాం. బాగా పాలిచ్చే ఆవుకు, అందులోనూ మూడో ఈత దాటినదానికి, ఈనగానే పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయే జబ్బు) ముప్పు ఉంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. లీటరు జున్నుపాలతో సుమారు 2 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. ఆవు రక్తంలో తిరిగేదే 3 గ్రాములు అటూ ఇటూ. ఎముకల్లోంచి కాల్షియం తెచ్చుకోవడం ఒంటికి ఒకటి రెండు రోజులకు గానీ అలవడదు. ఈలోగానే కూలబడిపోతుంది.

మా గోడు అంతా ఆ కొద్ది గంటల గురించే. సాయంత్రం ఈనిన ఆవు అర్ధరాత్రికి తూలుతుంది. చెవులు చల్లబడతాయి, ముట్టె ఆరిపోతుంది, పేడ వేయదు. కాసేపటికి మెడ డొక్కవైపు తిప్పేసి పడుకుంటుంది, ఇక లేవదు. దీనికి కావలసింది దొరకని మందేమీ కాదు, కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా. నరంలోకి ఎక్కుతుండగానే ఒళ్లు వణికి, తేన్చి, పేడ వేసి, చాలా ఆవులు లేచి నిలబడతాయి. కానీ ఆ వేళ ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. ఎవరైనా ఎత్తితే "పొద్దున్నే తోలుకురండి" అంటారు. లేవలేని ఆవును ఎలా తోలుకురావాలో కూడా మీ శాఖ ఒక సర్క్యులర్ ఇస్తే బాగుంటుంది.

తెల్లారాక ఆస్పత్రికి పరిగెత్తితే డాక్టరు గారు ఉంటే మందు ఉండదు, మందు ఉంటే డాక్టరు గారు మీటింగులో ఉంటారు. ఆయన్ని అనడం లేదు. అన్ని ఊళ్లకూ ఆయనొక్కరే, మీరు అడిగే రిపోర్టులన్నీ రాయాల్సిందీ ఆయనే. చీటీ పట్టుకెళ్లి బయట మందు కొని తెచ్చేసరికి ఎండ ముదురుతుంది. అప్పటికి అంత బరువూ ఒక పక్కనే మోపి పడి ఉన్న ఆవుకు తొడ కండరాలు, నరాలు దెబ్బతినిపోతాయి. ఆ తర్వాత కాల్షియం ఎక్కించినా లేవదు. మేమే నలుగురం పట్టి పక్కలు మారుస్తుంటాం, కింద గడ్డి మందంగా పరుస్తాం. అంతకు మించి మా చేతిలో ఏముంది? ఆ టెన్షన్‌లో సూది వేసేవాడు ఎవడు దొరికితే వాణ్ణి పిలుస్తాం. వాడు గుండె చూడకుండా సీసా గబగబా ఎక్కించేస్తాడు. కాల్షియం వేగంగా ఎక్కితే గుండె ఆగిపోవచ్చు. అలా పోయిన ఆవుకు మీ రికార్డుల్లో ఏ కారణం రాస్తారో తెలుసుకోవాలని ఉంది.

ఆ గండం గడిస్తే తర్వాతి వారాల్లో కిటోసిస్, అంటే పాలకు ఖర్చయ్యే శక్తికి మేత చాలక ఒంట్లో కొవ్వు కరిగి వచ్చే జబ్బు. దాణా ముట్టదు, ఎండుగడ్డి మాత్రం నములుతుంది, పాలు సగానికి పడిపోతాయి, మన కళ్లెదుటే చిక్కిపోతుంది. మూత్రంలో ముంచే చిన్న స్ట్రిప్‌తో నిమిషాల్లో తేలే సంగతి ఇది. అవి అడిగితే "పైనుంచి రాలేదు" అన్నారు. ఆ పైన ఉన్నది మీరే కదండీ!

శిబిరంలో రంగుల కరపత్రం ఇచ్చారు. బాగుంది. ఈనడానికి 3 వారాల ముందు నుంచే మేత మార్చాలనీ, అప్పుడు కాల్షియం ఎక్కువ పెట్టకూడదనీ (పెడితే ఎముకల్లోంచి తెచ్చుకోవడం ఒంటికి అలవడదు), చూడి ఆవును కొవ్వెక్కనివ్వకూడదనీ రాశారు. అన్నీ నిజాలే, పాటిస్తున్నాం కూడా. అయినా కొన్ని పడిపోతూనే ఉన్నాయి. పాలజ్వరం రాకుండా ఈనే ముందు దాణాలో కలిపే ఆనయానిక్ లవణాలు వాడమన్నారు గానీ అవి ఎక్కడ దొరుకుతాయో రాయడం మరిచారు. చివర్లో, లక్షణాలు కనిపిస్తే వెంటనే పశువైద్యుణ్ణి సంప్రదించమన్నారు. మా తిప్పలన్నీ అందుకే కదా సార్!

కొత్త పథకం అడగడం లేదు. రిబ్బన్ కటింగ్ అసలే వద్దు. రాత్రిపూట వచ్చే డాక్టరు కావాలి, ఆస్పత్రిలో కాల్షియం సీసాలు ఎప్పుడూ ఉండాలి, సంచార వైద్య వాహనం చీకటి పడ్డాక కూడా కదలాలి. దయచేసి రాత్రి డాక్టర్ని ఇవ్వండి. మా పాకల్లో ఇప్పుడు నిండు చూడివే ఎక్కువ. అవి ఈనేలోపు డ్యూటీలో ఎవరుంటారో, ఏ నంబరుకు చేయాలో రాసి ఆస్పత్రి గేటుకు అతికించండి.

ఇట్లు,
ఒక పాడి రైతు