నాగయ్య గారి ఫోటోలు కొన్నవాళ్ళకు ఒక మాట

అందరికీ నమస్కారం. పాత సినిమా, నాటకాల వాళ్ళ సంతకాలున్న ఫోటోలు, పాటల పుస్తకాలు, కరపత్రాలు మన కొట్లో కొనేవాళ్ళందరికీ ఒక విషయం సూటిగా చెప్పేస్తాను. పోయిన దసరాకి నేనమ్మిన చిత్తూరు నాగయ్య గారి ఫోటోలు నాలుగింటి మీదా ఉన్నది చేత్తో పెట్టిన సంతకం కాదు. తప్పు నాదే.

గుంటూరు నుంచి ఒకాయన తన ఫోటో, తన స్నేహితుడు కొన్న ఫోటో రెండూ తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టారు. చివరి గీత ఎక్కడ తిరిగిందో రెండిట్లోనూ అక్కడే తిరిగింది, పాళీ ఒక్క క్షణం ఆగి ఇంకు చిక్కబడిన చిన్న చుక్క కూడా రెండిట్లోనూ అదే చోట ఉంది. స్కేలు పెట్టి కొలిచాం, తేడా లేదు. ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం పెట్టడు కదా. ఆయన వెళ్ళాక భూతద్దం తీసి ఫోటోని లైటు కింద ఏటవాలుగా పట్టి చూశాను. పెన్నుతో పెట్టిన సంతకమైతే ఆ నునుపు మీద ఇంకు గీత విడిగా తెలుస్తుంది. ఇక్కడ గీత ఫోటోలోనే కలిసిపోయి ఉంది. అంటే సంతకం ఉన్న ఒక ఫోటోకి మళ్ళీ నెగటివ్ తీసి, దాన్నుంచి ప్రింట్లు వేశారు. అభిమానులకి పంపడానికి అప్పట్లో అలా వేయించేవారు కాబట్టి ఇవి పాతవే అయ్యుండొచ్చు, కానీ మీరు డబ్బిచ్చింది ఆయన చెయ్యి తగిలిన కాగితానికి.

ఈ ఫోటోలున్న ఆల్బమ్ మొత్తం ఒకే ఇంటి నుంచి వచ్చింది, అందులో మిగతావి మంచివి, ఆ నమ్మకంతో వీటిని విడిగా చూడలేదు. ఈ నెలంతా సరుకు మళ్ళీ మొదటి నుంచి చూస్తూ కూర్చున్నాను. బళ్ళారి రాఘవ గారి సంతకం అని కొని పెట్టుకున్న ఒక కార్డు బాల్‌పెన్‌తో ఉంది. ఆయన పోయింది 1946లో, బాల్‌పెన్నులు అమెరికా కొట్లలోకి వచ్చిందే 1945 చివర్లో. దాన్ని అమ్మకంలోంచి తీసేశాను. స్థానం నరసింహారావు గారి సంతకమున్న నాటకం కరపత్రం చూసినప్పుడు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇంకు గోధుమరంగుకి తిరిగి, కాగితం వెనక్కి దిగి, వేలితో తడిమితే పాళీ నొక్కిన గాడి తెలుస్తోంది. సత్యభామగా రంగస్థలాన్ని ఏలిన మనిషి చెయ్యి అది. ఇలాంటివి మీ దగ్గరుంటే దయచేసి లామినేషన్ చేయించకండి, ఎండ పడే గోడకి తగిలించకండి, ఇంకు వెలిసిపోతే మళ్ళీ రాదు.

నాగయ్య గారి ఫోటో వెనక్కి ఇస్తే పూర్తి డబ్బు, కొరియర్ ఖర్చు కూడా నాదే. ఉంచుకుంటామంటే మామూలు పాత ఫోటో ధర పట్టుకుని మిగతాది పంపిస్తాను. ఇక మీదట ప్రతి వస్తువుకీ వెనకవైపు ఫోటో, ఏటవాలు వెలుతురులో సంతకం ఫోటో కొనే ముందే పంపుతాను, అడగక్కర్లేదు.

ముగ్గురితో ఫోన్లో మాట్లాడాను. నాలుగోది కొట్టుకే వచ్చి నగదుకి కొన్నారు ఒక పెద్దాయన, వాళ్ళ అక్కయ్యకి కానుకగా ఇవ్వాలని అన్నారు. నంబరు తీసుకోలేదు. ఆయనెవరో తెలిసినవాళ్ళుంటే ఈ సంగతి చెప్పండి, ఆయన డబ్బు కవర్లో పెట్టి ఉంచాను.