ఆదివారం కొండకర్ల ఆవ: బయల్దేరే ముందు చదవండి

అందరికీ నమస్తే. విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సుకి పక్షుల్ని చూడ్డానికి వెళ్తున్నాం. ఆదివారం తెల్లవారుజామున 4:45కి మద్దిలపాలెంలో వ్యాన్ ఎక్కాలి, గాజువాక, కూర్మన్నపాలెం వాళ్లు దారిలో ఎక్కుతారు. ఐదు నిమిషాలు దాటితే ఆగం, ఎందుకంటే ఎండ ఎక్కాక పక్షులు తామరాకుల మాటుకి వెళ్లిపోతాయి, మనం ఒక్క కొంగల్నే చూసి వచ్చేయాల్సిందే.

వేట ఉంటుందా అని అడిగిన అన్నయ్యగారికి: 1972 వన్యప్రాణి చట్టం ఉంది సార్, కెమెరాతోనే కొట్టండి!

ఆవలో తిరిగేవి తాటిమొద్దులు తొలిచి రెండేసి కలిపి కట్టిన దోనెలు. ఎక్కాక మధ్యలో కూర్చోండి, లేచి నిలబడొద్దు, సెల్ఫీ కోసం ఒక పక్కకి వాలితే అందరం నీళ్లలోనే. ఈత రానివాళ్లు ముందే చెప్పండి, గట్టు మీద నుంచి కూడా బాగానే కనిపిస్తాయి.

గైడ్ చెయ్యి ఎత్తితే మాటలు బంద్. కాటన్ పిగ్మీ గూస్ మీద కన్నేసి ఉంచండి, పేరుకే గూస్, మన బాతుల్లో అన్నిటికన్నా చిన్నది. మగదానికి తెల్లటి మెడ చుట్టూ నల్లటి పట్టీ ఉంటుంది, ఆడది చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది. చలికాలం కాబట్టి సూదితోక బాతులూ కనబడొచ్చు, గ్యారంటీ మాత్రం లేదు.

ఆకుపచ్చ, ఖాకీ బట్టలు వేసుకోండి, తెలుపు, ఎరుపు వద్దు. టోపీ, మంచినీళ్లు, ఉంటే బైనాక్యులర్. సెంటు కొట్టుకోకండి, దోమల మందు రాసుకోండి. టిఫిన్ అచ్యుతాపురంలో.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, ఎక్కే స్టాప్ ఇక్కడే పెట్టండి. 👍 పెట్టి ఊరుకుంటే లెక్కలోకి రాదు.