గ్లో ప్లగ్ చూడకుండా బ్యాటరీ మార్పిస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

చలికాలపు ఉదయాన పాత డీజిల్ కారు మొరాయించి, ఎలాగో స్టార్టయ్యాక తెల్లపొగ కక్కితే, మా అనంతపురం షెడ్లలో చాలామంది ముందుగా బ్యాటరీనే మార్చమంటున్నారు. కానీ ముందు చూడాల్సింది గ్లో ప్లగ్‌లను, అంటే చల్లని ఇంజిన్ స్టార్టయ్యేందుకు ఒక్కో సిలిండర్‌లో వేడి పుట్టించే కరెంటు ప్లగ్‌లను. ప్లగ్‌కున్న వైరు విప్పి, ప్లగ్ కొసకూ ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటరు పెడితే సంగతి తేలిపోతుంది: సాధారణంగా ఒక ఓమ్‌కు అటూఇటూగా చూపితే బాగున్నట్టు, రీడింగే రాకపోతే కాలిపోయినట్టు. ప్లగ్‌లన్నీ బాగుంటే వాటికి కరెంటు పంపే రిలే (స్విచ్చి), ఫ్యూజు చూడాలి.

ప్లగ్‌ను విప్పడంలో మాత్రం తొందర పనికిరాదు. మసి పట్టి బిగుసుకున్న ప్లగ్‌ను చల్లని ఇంజిన్‌లో బలంగా తిప్పితే అది లోపలే విరిగి, సిలిండర్ హెడ్ దించవలసిన ఖర్చు (ప్లగ్ ధర దాని ముందు ఏపాటిది!) యజమాని నెత్తిన పడుతుంది. ఇంజిన్ వెచ్చగా ఉండగా, తుప్పు వదిలించే నూనె వేసి, కొంతసేపు నాననిచ్చి, మెల్లగా తిప్పాలి.

ఐటీఐలలో డీజిల్ మెకానిక్ విద్యార్థుల చేత పాత ఇంజిన్ల మీద ఈ పని చేయించాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం