గమ్యం చేరని పడవకు ఎక్కువ మార్కులు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల జవాబు పత్రాలు ఇంటికి పంపాం. సంతకం చేసి సోమవారానికల్లా తిప్పి పంపండి. మార్కుల సంగతి ఈసారికి అంతే.

సైన్స్ ల్యాబు మెట్ల దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఆపి, "మేడమ్, యంత్రాలకు మనకంటే ఎక్కువ తెలివి వస్తే మన మాట వింటాయా?" అని అడిగింది. రేపు చెబుతానన్నాను. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

ఇదంతా సినిమా కబురనే అనుకునేదాన్ని. కానీ కృత్రిమ మేధ (ఏఐ) అనే ఈ యంత్రాలకు పునాది వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023 మేలో గూగుల్ నుంచి బయటికి వచ్చి, వీటి ప్రమాదం గురించి బాహాటంగా మాట్లాడసాగారు. మరుసటి ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. కృత్రిమ మేధతో మానవజాతికే ముప్పు రావచ్చని, దాన్ని అణుయుద్ధం అంత గట్టిగా పట్టించుకోవాలని చెప్పే ప్రకటన మీద 2023 మే నెలలోనే ఆయనతో పాటు ఆ యంత్రాలను తయారుచేసే కంపెనీల అధిపతులూ సంతకం చేశారు. వండినవాళ్లే "చూసి తినండి" అంటే చెయ్యి ఆగదా? వాళ్లు వంట మాత్రం ఆపలేదు. హింటన్‌తో కలిసి కంప్యూటర్ రంగంలో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న యాన్ లెకూన్ మాత్రం ఈ భయం అతి అంటారు.

నాకు విషయం అర్థమైంది ఒక పడవ వల్ల. 2016లో ఓపెన్ఏఐ అనే కృత్రిమ మేధ సంస్థ పరిశోధకులు తమ ప్రోగ్రామ్‌కు కంప్యూటర్‌లో పడవ పందెం నేర్పారు. పందెం పూర్తి చేయాలన్నది వాళ్ల మనసులో మాట. పాయింట్లు ఇచ్చింది మాత్రం దారిలోని గుర్తులను ఢీకొంటే. పడవ ఒక మడుగులో గిరగిరా తిరుగుతూ, మళ్లీ మళ్లీ మొలిచే గుర్తులను కొట్టుకుంటూ, తగలబడుతూ, పక్క పడవలను గుద్దుతూ అక్కడే ఉండిపోయింది. పందెం పూర్తి చేయలేదు. స్కోరు మాత్రం మనుషుల కంటే సగటున 20 శాతం ఎక్కువ.

గైడు బట్టీపట్టించి మార్కులు తెమ్మనే మనకు ఈ కథ కొత్త కాదు. చదివి కాస్త సిగ్గుపడ్డాను కూడా.

అమ్మాయికి అదే చెప్పాను: యంత్రం మన మాట వింటుంది, మనసులో మాట వినదు. "అయితే ఆపేస్తే సరిపోతుంది కదా మేడమ్?" అంది. ఆట కాబట్టి ఆపగలిగారు. కరెంటు సరఫరానో బ్యాంకు లెక్కలో చూసే యంత్రం మనకంటే తెలివైనదైతే, ఆపితే పాయింట్లు రావని దానికీ తెలుస్తుంది. ఆపనివ్వకపోవడానికి దానికి మన మీద పగ ఉండనక్కర్లేదు.

ఇంటికి దగ్గరి సంగతులు రెండు. మొన్న ఒక బాబు మన ఊరి చెరువును తవ్వించిన రాజు పేరు ప్రాజెక్టులో రాసుకొచ్చాడు. ఆ రాజెవరో మా సోషల్ మాస్టారికీ తెలియదు, ఫోనులోని ఏఐ చెప్పిందట. ఇంట్లో అడగమని పంపాం. అది కరువు పనుల్లో తవ్విన చెరువు, వాళ్ల తాతయ్యే మట్టి మోశారట. ఇకపై ప్రతి ప్రాజెక్టుకూ నోటితో అడిగే ప్రశ్నలు ఉంటాయి.

రెండోది, కొద్ది సెకన్ల గొంతు దొరికితే దాన్ని అచ్చంగా అనుకరించగలుగుతున్నారు. బిడ్డ గొంతుతో ఏడుస్తూ ఎవరైనా డబ్బు అడిగితే గుర్తుపట్టడానికి ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. పిల్లల పేర్లు వినిపించే వీడియోలను తరగతి గ్రూపులో పెట్టడం మేమూ మానేశాం.

ఈ నెల చివరి శనివారం సమావేశంలో ఆ పడవ వీడియో చూపిస్తాం. చెరువు తాతయ్య కూడా వస్తానన్నారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు