మా బడి గోడకు ఒక కాగితం: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక చిన్న ఊరు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. నా ఇద్దరు పిల్లలూ మా ఊరి ప్రాథమిక పాఠశాలలోనే చదువుతున్నారు. బడిలో మొత్తం 26 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు, రెండు గదులు, ఒక వరండా. పాఠశాల కమిటీలో నేనూ ఉన్నాను. ఇంటర్ దాకా చదివిన కోడలిని కాబట్టి, బడి నుంచి ఎవరి ఫోన్‌కు మెసేజ్ వచ్చినా ఆ ఫోన్ నా మిషన్ దగ్గరికి వస్తుంది. "ఏమొచ్చిందో సూడు పాపా" అని ఇచ్చి కూర్చుంటారు. చదివి చెప్తాను. అలా చదివి చెప్పీ చెప్పీ, ఇప్పుడు బడి రూల్స్ నాకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియవు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే. 26 మంది పిల్లల ఇళ్లకు తెలియాల్సిన సంగతులు జాకెట్లు కుట్టే మనిషి దగ్గర ఎందుకుండాలి?

గదులు, బెంచీలు, బాత్రూంల గురించి రాయడం లేదు. బ్యాగులు, బూట్లు వస్తున్నాయి. సన్నబియ్యం వచ్చాక అన్నం పారేసే పిల్లలు తగ్గారు, వంట ఏజెన్సీ అక్కే ఆ మాట చెప్పింది. అవన్నీ బాగున్నాయి. నేను రాసేది చిన్న చిన్న పద్ధతుల గురించి. పిల్లాడికి జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి, పేరు తప్పు పడితే ఎక్కడికి పోవాలి, నాలుగు నెలలు ఊరు విడిచి పోతే బడిలో పేరు ఉంటుందా ఉండదా. ఇలాంటివి.

మూడో తరగతి పిల్లాడొకడి సంగతి చెప్తాను. ఉరుకుంద ఈరన్న స్వామి మా వైపు అందరికీ ఇలవేల్పు లాంటి దేవుడు. ఇంటికొక ఈరన్న ఉంటాడు, ఆడపిల్లయితే ఈరమ్మ. వీడూ ఇంట్లో ఈరన్నే. బడి రిజిస్టరులో బి. వీరన్న. ఆధార్‌లో బోయ వీరేష్. రేషన్ కార్డులో ఇంకేదో ఉంది. ప్రతి విద్యార్థికీ ఇచ్చే అపార్ అనే గుర్తింపు నంబరు రావాలంటే బడిలో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా కలవాలని మేడం చెప్పారు. వాడి అమ్మానాన్న అప్పటికే సుగ్గికి పోయారు. మా వైపు వలసను సుగ్గి అంటాం. దీపావళి దాటాక బయల్దేరి గుంటూరు వైపు పత్తికి, మిరప కోతలకు పోతారు, ఉగాదికి తిరిగొస్తారు. పిల్లాడు అవ్వ దగ్గర ఉన్నాడు.

అవ్వ వాణ్ణి తీసుకుని మండల కేంద్రంలో ఒక ఆధార్ సెంటరుకు పోయింది. మొదటి రోజు సర్వర్ లేదన్నారు. రెండో రోజు తల్లో తండ్రో రావాలన్నారు. మూడోసారి జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. మూడు రోజుల కూలీ పోయింది, బస్సు చార్జీలు పోయాయి, పిల్లాడికి మూడు రోజుల బడి పోయింది. అసలు చిక్కు వేరే ఉంది. వాడు పుట్టింది మిరప చేను పక్కన వేసుకున్న గుడారంలో. ఆ ఊరి పేరు వాళ్లమ్మకు సరిగా గుర్తులేదు, పంచాయతీ ఏదో అసలే తెలియదు. ఏడాది దాటిన పుట్టుకను రాయించాలంటే మేజిస్ట్రేటు స్థాయిలో ఆర్డర్ కావాలట. అవ్వ ఇవన్నీ విని, "పిల్లోడు కళ్ల ముందర ఉండాడు కదా, పుట్టినాడని కాగితం దేనికి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇక్కడ మీరు ముందే చూడాల్సిన విషయం ఒకటుంది. వయసు రుజువు లేదని ఏ పిల్లనూ బడిలో చేర్చుకోకుండా ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ అంటోంది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన జనన మరణాల నమోదు చట్ట సవరణేమో, ఆ తేదీ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం అంటోంది. ఆ పిల్లలు ఇప్పుడు అంగన్‌వాడీకి నడిచి వస్తున్నారు. ఇంకొన్నేళ్లలో మా బడి గుమ్మంలో నిలబడతారు. వాళ్లలో గుడారంలో పుట్టినవాళ్లూ ఉంటారు. ఆ రోజు హెడ్మాస్టరు గారు ఏ కాగితం చూసి నిర్ణయం తీసుకోవాలో ఇప్పుడే తెలుగులో రాసి పంపండి. పాపం, ఆయనకూ టెన్షన్ తగ్గుతుంది.

ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులోనే ఉంది. పిల్లలకు అయిదేళ్లు దాటాక వేలిముద్రలు, కళ్లు నమోదు చేయించే అప్‌డేట్‌కు ఏడేళ్ల లోపయితే డబ్బు కట్టక్కర్లేదు. ఆ పైన కట్టాల్సి ఉండేది. 2025 అక్టోబరు 1 నుంచి ఏడాదిపాటు ఆ వయసు దాటిన పిల్లలకూ ఉచితం చేశారు. ఈ ముక్క మా ఊళ్లో ఎంతమందికి తెలుసో అడగండి. బడి గోడ మీద ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. ఒకరోజు మధ్యాహ్నం వరండా మెట్టు మీద జారి ఒక పిల్లాడి తలకు దెబ్బ తగిలింది. మేడం కంగారుపడి రిజిస్టరులో ఉన్న నంబరుకు ఫోన్ చేశారు. అది తండ్రి నంబరు. ఆయన అప్పుడు గుంటూరు దగ్గర చేలో మిరపకాయలు కోస్తున్నాడు. ఆయన అక్కడి నుంచి నాకు ఫోన్ చేశాడు. నేను మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి పరిగెత్తి, వాళ్ల అవ్వను పిలుచుకుని బడికి పోయాను. బడికీ అవ్వ ఇంటికీ మధ్య రెండు వందల అడుగులు ఉండదు. దెబ్బ చిన్నదే, పసుపు పెట్టి కట్టు కట్టాం. కానీ ఆ కబురు గుంటూరు దాకా పోయి తిరిగొచ్చింది చూడండి. రిజిస్టరులో అమ్మ పేరుకు, నాన్న పేరుకు గడులున్నాయి. అవ్వ పేరు రాసుకునే గడి లేదు. ఆ ఒక్క గడి పెట్టించడానికి బడ్జెట్ అక్కర్లేదు కదా.

సుగ్గికి పిల్లల్ని వెంట తీసుకుపోయే ఇళ్లూ ఉన్నాయి. చంటిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్ల కావాలి. ఒక అయిదో తరగతి పాప అలాగే పోయి ఉగాదికి తిరిగొచ్చింది. మేడం కంప్యూటర్లో చూసి "పేరు డ్రాప్‌బాక్స్‌లో పడింది" అన్నారు. అంటే ఏ బడిలోనూ లేని పిల్లల పేర్లు ఉండే కంప్యూటర్ జాబితా అన్నమాట. వాళ్ల అవ్వ నా దగ్గరికొచ్చి "ఆ డబ్బా యాడుందో చెప్పు, నేనే పోయి తెచ్చుకుంటా" అంది. నవ్వొచ్చింది గానీ, ఆమె అడిగిందాంట్లో తప్పేముంది? ఆ డబ్బాలోంచి పేరు ఎవరు తీయాలి, ఎన్ని రోజుల్లో తీయాలి, ఆలోగా పాప బడిలో కూర్చోవచ్చా, అన్నం పెడతారా? కూర్చోబెట్టారు, అన్నమూ పెట్టారు, అది మా మేడం మంచితనం. ఇంకో ఊళ్లో మేడం భయస్తురాలైతే?

వాళ్లు పోయేచోట బడి ఉంటుంది. అక్కడ చేర్చవచ్చని వీళ్లకు ఎవరూ చెప్పరు. టీసీ రాలేదని చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదని, అడిగిన వెంటనే టీసీ ఇవ్వని హెడ్మాస్టరు మీద చర్య ఉంటుందని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్‌లో ఉంది. అమ్మానాన్న సుగ్గికి పోతే పిల్లలు ఇక్కడే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు కూడా పెడుతున్నారు. ఒక ఏడాది మా ఊరి వాళ్లకు ఆ సంగతి లారీ ఎక్కి వెళ్లిపోయాక తెలిసింది. అందరూ మూటలు కట్టేది దీపావళికి కాబట్టి ఆ కబురు దసరాకే రావాలి.

హాజరు మాట కూడా ఇందులోదే. అమ్మ ఒడి రోజుల నుంచీ 75 శాతం అనే మాట వింటున్నాం. తల్లికి వందనం కింద ఖాతాలో పడే 13,000 మా ఇళ్లలో చిన్న మొత్తం కాదు. సుగ్గి నుంచి వచ్చిన తల్లులు మొదట అడిగేది పిల్ల చదువు ఎక్కడిదాకా వచ్చిందని కాదు, డబ్బు వస్తుందా రాదా అని. వాళ్లను తప్పు పట్టను. కానీ గుంటూరు బడిలో చేరి ఉంటే ఆ రోజులు కలిసేవి కదా అనేది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఇక ఆ డబ్బు పడాలంటే బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిపించుకునే ఎన్‌పీసీఐ లింక్ గురించి రాయడం మొదలుపెడితే ఈ ఉత్తరం తెల్లారదు.

మేడం మీద నాకు కోపం లేదు. ఆమె అవస్థ మీరు ఒకసారి చూడాలి. మా ఊళ్లో సిగ్నల్ వేపచెట్టు కట్ట మీద నిలబడితేనే వస్తుంది. రోజూ పొద్దున్నే హాజరు పంపడానికి మేడం ఆ కట్ట ఎక్కుతారు. ఒక చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకుంటారు. ఇంకో చేతిలో ఒకటో తరగతి పిల్లాడి చెయ్యి ఉంటుంది, వదిలితే వాడు ఇంటికి పరిగెడతాడు. హాజరు పోయేలోపు లోపల రెండో తరగతి వాళ్లు పలకలు విసురుకుంటారు. వాట్సాప్ గ్రూపులో "రేపు 10 గంటల లోపు" అని మెసేజ్ వస్తుంది. గ్రూపులో ఉన్నది పదకొండు ఇళ్లే. మిగిలిన ఇళ్లలో బటన్ ఫోన్లు.

ఇద్దరు టీచర్లకూ ఒకేరోజు మీటింగో ట్రైనింగో పడితే ఇంకో ఇబ్బంది. వేరే టీచరు వస్తారో రారో తెల్లారేదాకా తెలియదు. పిల్లలు బ్యాగు వేసుకుని పోయి, తాళం చూసి వెనక్కి వస్తారు. అప్పటికి అమ్మ పొలానికి పోయి ఉంటుంది. ముందురోజు సాయంత్రమే పిల్లల చేతికి ఒక చీటీ ఇస్తే చాలు.

మెగా పేరెంట్ టీచర్ మీటింగులు పెట్టారు, సంతోషం. 2024 డిసెంబరు 7న మొదటిది జరిగింది. ముగ్గులు వేశాం, ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చారు, పిల్లలు మురిసిపోయారు. కానీ డిసెంబరు ఏడో తేదీకి మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. వచ్చినవాళ్లు అవ్వలూ తాతలే. తాడు లాగే పోటీకి మగవాళ్లు నలుగురు దొరికితే ఇటిద్దరు అటిద్దరు నిలబడ్డారు, అందులో ఒకాయనకు మోకాలి నొప్పి. 2025 జులై 10న రెండోది పెట్టారు, అవి పొలంలో చేతినిండా పని ఉండే రోజులు. రాష్ట్రమంతా ఒకే రోజు జరగాలంటే గొప్పగానే ఉంటుంది. మా మండలాలకు మాత్రం ఉగాది తర్వాత, వేసవి సెలవుల ముందు ఇంకో రోజు ఇవ్వండి. ముగ్గులు లేకపోయినా పర్లేదు.

కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది కదా. ఆ కమిటీ మనిషిగా నేను ఒక పని చేశాను. ఒక పెద్ద డ్రాయింగ్ షీటు తెచ్చి నా చేత్తో రాశాను. బడి ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు వదులుతారు. జ్వరమొస్తే ఇంట్లో ఎవరు చెప్పినా సరే, సెలవు చీటీకి వేలిముద్ర చాలు. దెబ్బ తగిలితే మొదట ఊళ్లో ఉన్న మనిషికి కబురు. పిల్లల్ని కొట్టకూడదు, తిట్టకూడదు. కాగితం లేకపోయినా ముందు చేర్చుకోవాలి, తర్వాత తెచ్చుకోవచ్చు. సుగ్గికి పోయేముందు మేడంకు చెప్పి, టీసీ అడిగి తీసుకోవాలి. అన్నం ఎలా ఉందో తల్లులు ఎప్పుడైనా వచ్చి రుచి చూడొచ్చు. ఇంతే. చదవలేని వాళ్లకు పిల్లలే చదివి వినిపించాలని అక్షరాలు పెద్దవిగా రాశాను.

మేడం చదివి చాలా బాగుందన్నారు. గోడకు అంటించడానికి మాత్రం జంకారు. "పై నుంచి ఆర్డర్ లేకుండా పెడితే రేపు ఎవరైనా ఫొటో తీసి ఎక్కడైనా పెడితే నన్ను అడుగుతారమ్మా" అన్నారు. ఆమె భయమూ నిజమే.

అందుకే అడుగుతున్నాను. అలాంటి కాగితం ఒకటి మీ శాఖ నుంచి, మీ సంతకంతో, తేలిక తెలుగులో పంపండి. నేను రాసిందాంట్లో తప్పులుంటే దిద్దండి. కింద మండలం వాళ్ల ఫోన్ నంబరు ఒకటి వేయండి, ఎత్తే నంబరు.

నేను రాసిన షీటు ప్రస్తుతానికి చుట్ట చుట్టి మిషన్ డ్రాలో పెట్టాను. బడి వరండాలో పాత క్యాలెండర్ తీసేసిన చోట మేకు అలాగే ఉంది.

ఇట్లు,
ఒక పాఠశాల కమిటీ సభ్యురాలు,
కర్నూలు జిల్లా