ఇసుక కదిలితేనే బతికే పువ్వు

సంపాదకులకు నమస్కారం.

అరుదైన మొక్కను కాపాడటమంటే చుట్టూ కంచె వేసి, కోయవద్దని బోర్డు పెట్టడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. అది ఎంతమాత్రం చాలదనడానికి అమెరికాలోని కాలిఫోర్నియాలో పూసే కాంట్రా కోస్టా వాల్‌ఫ్లవర్ మంచి ఉదాహరణ.

ఆవాల కుటుంబానికి చెందిన ఈ అడవిమొక్క శాన్ వాకీన్ నది దక్షిణపు ఒడ్డున, యాంటియోక్ ఊరి దగ్గరి ఇసుక దిబ్బల మీద తప్ప సహజంగా మరెక్కడా పెరగదు. పువ్వును దగ్గరగా చూస్తే ఆవపువ్వు చుట్టమని ఇట్టే తెలుస్తుంది: శిలువలా పరుచుకున్న నాలుగు పసుపు రేకులు, మధ్యలో ఆరు కేసరాలు, వాటిలో నాలుగు పొడవు, రెండు పొట్టి. మొదట నేలను అంటిపెట్టుకున్న ఆకుల గుత్తిగా ఉండి, తరువాతి ఏడాది కాడ వేసి పూసి, సన్నని పొడవాటి కాయల నుంచి గింజలు రాల్చి, చాలావరకు అంతటితో ఎండిపోతుంది. కనుక రాలిన గింజకు ఖాళీ ఇసుక దొరకని ఏళ్లు వరుసగా వస్తే దాని వంశం నిలవదు.

ఆ ఇసుకే మనిషికీ కావలసివచ్చింది. 1906 భూకంపం తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోను తిరిగి కట్టడానికి ఇటుకల కోసం ఈ దిబ్బలను తవ్వారు. ఆపైనా తవ్వకం దశాబ్దాలపాటు సాగింది. 1978లో ఈ మొక్కను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించి, 1980లో మిగిలిన దిబ్బల్లో సుమారు 55 ఎకరాలను జాతీయ వన్యప్రాణి ఆశ్రయంగా మార్చారు. ప్రమాదంలో ఉన్న మొక్కలనూ కీటకాలనూ కాపాడటానికని ఆ దేశంలో వెలసిన మొదటి ఆశ్రయం ఇదే. లాంగేస్ మెటల్‌మార్క్ అనే సీతాకోకచిలుకకు కూడా ఇదొక్కటే దిక్కు.

తొక్కిడి తగలకుండా సందర్శకులను కట్టడి చేశారు. అది అవసరమే, కాదనను. అయితే కొత్త ఇసుక వచ్చి చేరే దారి లేని ఆ దిబ్బల మీద, బయటి నుంచి వచ్చిన గడ్డీ కలుపూ అల్లుకుని, వదులుగా ఉండవలసిన ఇసుకను కదలకుండా బిగించేశాయి. అందుకే 2013 నుంచి నదిలో ఓడల దారి కోసం తీసిన పూడిక ఇసుకను తెచ్చి దిబ్బల మీద పోస్తున్నారు. ఒకప్పుడు ఇసుకను మోసుకుపోయిన చోటికే ఇప్పుడు ఇసుకను మోసుకురావలసి రావడం విడ్డూరమే అయినా, నా దృష్టిలో కంచె కన్నా ఈ పనే మొక్కకు ఎక్కువ మేలు చేస్తుంది.

అరుదైన మొక్కల గురించి రాసేటప్పుడు ఎన్ని మిగిలాయన్న లెక్కతో ఆగక, అవి మొలిచే నేల ఎలా ఉంది, దాన్ని ఎవరు ఎలా చూసుకుంటున్నారు అన్న వివరాలకూ మీ విజ్ఞాన పేజీలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు