బాక్సింగ్ వార్తల్లో బెల్టుల లెక్క తేల్చి రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎస్వీ యూనివర్సిటీ స్టేడియంలో సాయంత్రాలు ప్రాక్టీసుకొచ్చే పిల్లలు పేపర్లో, ఫోన్లో చదివిన బాక్సింగ్ వార్తలు పట్టుకుని నాతో వాదనకు దిగుతుంటారు. తప్పు వాళ్లది కాదు. ఒక బెల్టు గెలిచినవాణ్నీ, నాలుగూ గెలిచినవాణ్నీ మన క్రీడా పేజీలు ఒకే గాటన కట్టి ‘తిరుగులేని ప్రపంచ ఛాంపియన్’ అని రాసేస్తున్నాయి.

ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో అని నాలుగు పెద్ద సంస్థలున్నాయి. ప్రతి బరువులోనూ ఎవరి ఛాంపియన్ వారికి ఉంటాడు, అతనికో బెల్టు ఇస్తారు. డబ్ల్యూబీఏ అయితే ఒకే బరువులో ‘సూపర్’ ఛాంపియన్ అని ఒకరినీ, ‘రెగ్యులర్’ అని ఇంకొకరినీ నిలబెట్టిన సందర్భాలున్నాయి. ఒకే బరువులో నాలుగు బెల్టులూ ఒకేసారి ఒక్కరి దగ్గర ఉంటేనే అన్‌డిస్ప్యూటెడ్, అంటే తిరుగులేని ఛాంపియన్. 2004లో మిడిల్‌వెయిట్‌లో డి లా హోయాను పడగొట్టి బెర్నార్డ్ హాప్కిన్స్ మొదటగా అది సాధించాడు. ఎనిమిది బరువుల్లో టైటిళ్లు గెలిచిన పకియావో ఏ బరువులోనూ నాలుగు బెల్టులూ ఒకేసారి పట్టుకోలేదు. ఆయన ఘనత తక్కువదేం కాదు, దాని లెక్క వేరు.

టెరెన్స్ క్రాఫర్డ్ సంగతి చూడండి. 2017లో 63.5 కిలోల బరువులో, 2023లో 66.7 కిలోల్లో, 2025 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో కనెలో అల్వారెజ్‌ను ఓడించి 76.2 కిలోల్లో నాలుగేసి బెల్టులు గెలిచాడు. ఒక బాక్సర్‌కు దాదాపు 13 కిలోల తేడా అంటే మాటలా! నాలుగు బెల్టుల కాలంలో పురుషుల్లో మూడు బరువుల్లో ఇలా గెలిచింది ఆయనొక్కడే. ‘పురుషుల్లో’ అన్నది రాయకపోతే మాత్రం అన్యాయమైపోతుంది. అదే ఏడాది ఫిబ్రవరిలోనే క్లారెస్సా షీల్డ్స్ మూడో బరువులో అన్‌డిస్ప్యూటెడ్ అయింది. బాక్సింగ్ నేర్చుకునే ఆడపిల్లలకు ఆ సంగతి తెలియొద్దా?

నాకు బాధ కలిగించేది ఇంకోటుంది. బెల్టులు రింగులోనే పోవాలని లేదు. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్ 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్ బెల్టులన్నీ గెలిచాడు. ఐబీఎఫ్ చెప్పిన ప్రత్యర్థితో కాకుండా ఫ్యూరీతోనే మళ్లీ తలపడాల్సి ఉండటంతో నెల తిరిగేసరికి ఆ బెల్టు వదులుకున్నాడు. అది డుబోయిస్‌కు దక్కింది. 2025 జులైలో వెంబ్లీలో డుబోయిస్‌ను ఓడించాకే మళ్లీ నాలుగూ ఆయన చేతికొచ్చాయి. టైటిల్ పోరుకు సంస్థకు ఇవ్వాల్సిన ఫీజు క్రాఫర్డ్ కట్టలేదని డబ్ల్యూబీసీ తన బెల్టు తీసేసుకుంది. ఆ బెల్టులు పోయినప్పుడు ఇద్దర్నీ రింగులో ఎవరూ ఓడించలేదు. ఇలాంటప్పుడు ‘టైటిల్ కోల్పోయాడు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఎందుకు పోయిందో రాయండి.

“సార్, మన నిఖత్ కూడా అన్‌డిస్ప్యూటెడేనా?” అని ఓ అమ్మాయి అడిగింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో బంగారు పతకాలు గెలిచింది. అవి అమెచ్యూర్ ప్రపంచ పోటీలు, అక్కడ నాలుగు బెల్టుల గొడవ లేదు. కానీ ఇప్పుడు అక్కడా చీలిక వచ్చింది. నిఖత్ గెలిచిన ఆ పోటీలు నడిపిన ఐబీఏ (అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం)కు 2023లో ఒలింపిక్ కమిటీ గుర్తింపు పోయింది. 2025లో లివర్‌పూల్‌లో మన జాస్మిన్ లంబోరియా, మీనాక్షి బంగారు పతకాలు గెలిచిన పోటీలు వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సంస్థవి.

ఏ సంస్థ పోటీ అని అడిగే అలవాటు లేకపోవడం వల్ల మన ఊళ్లో తల్లిదండ్రులు నష్టపోతున్నారు. ఎంట్రీ ఫీజులు కట్టి, పిల్లల్ని దూరాభారం తీసుకెళ్లి, ‘ఇంటర్నేషనల్’ అని అచ్చేసిన సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. గుర్తింపు లేని పోటీదైతే ఆ కాగితం స్పోర్ట్స్ కోటాకు పనికిరాదు. ఫ్లెక్సీ కట్టించాక ఆ సంగతి తెలిసిన ఓ తండ్రి, కాగితం నా చేతిలో పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

బాక్సింగ్ వార్త వేసినప్పుడల్లా బరువు కిలోల్లో, బెల్టు ఏ సంస్థదో, పోటీ అమెచ్యూరా ప్రొఫెషనలా అన్నది ఒక్క వాక్యంలో ఇవ్వండి. జిల్లా ఎడిషన్లో మన పిల్లల పతకాల వార్తలకూ ఇదే పద్ధతి పెట్టమని మనవి.

– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, కొర్లగుంట, తిరుపతి